మొలలేనా? పుల్లకంటిన కాస్త మలం చెప్పేది, చెప్పనిది

యాభై దాటిన మనిషి దొడ్డికి పోయినప్పుడు రక్తం పడిందని ఇంట్లో చెబితే జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది. వేడి చేసింది, మజ్జిగ తాగు, కారం తగ్గించు. వారం పోయాక మళ్లీ పడితే అవి మొలలు. మొలలంటే సిగ్గు. సిగ్గు కాబట్టి నాటు మందు, కాదంటే ‘మొలలకు ఆపరేషన్ లేకుండా గ్యారంటీ చికిత్స’ అని గోడ మీద రాసిన చోటు. నెల్లూరు జిల్లాలో వింజమూరు, ఉదయగిరి, ఆత్మకూరు వైపు పల్లెలకు ఈ వరస కొత్తేమీ కాదు. నిజం చెప్పాలంటే వీళ్లలో ఎక్కువ మందికి ఉన్నవి మొలలే. మిగిలిన కొద్దిమందితోనే చిక్కు. పెద్దపేగులో, దాని చివరి భాగమైన పురీషనాళంలో పుట్టే కేన్సర్ కూడా మొదట్లో ఇలాగే కనిపిస్తుంది. కొన్నిసార్లు అసలేమీ కనిపించదు.

ఆ కొద్దిమందిని ముందుగా ఏరడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. సూది లేదు, స్కానింగ్ లేదు, పరగడుపున ఉండే పని లేదు. మలంలో కంటికి కనపడనంత రక్తం ఉందేమో చూస్తారు. దాన్ని ఫిట్ పరీక్ష అంటున్నారు. చాలా దేశాల్లో యాభై దాటినవాళ్లకు ఆ డబ్బా పోస్టులో ఇంటికే వస్తుంది. మన దగ్గర అటువంటి పథకం లేదు. అయినా మన ప్రాథమిక వైద్యంలో దీనికి చోటుంది. అలా ఇంటింటికీ డబ్బా పంపే చోటు మాత్రం కాదు.

ముందు పేగులో ఏం జరుగుతుందో చూద్దాం. పెద్దపేగు లోపలి పొరలో చిన్న కండ మొలుస్తుంది. దాన్ని పాలిప్ అంటారు. ఎక్కువ పాలిప్‌లు ఏ హానీ చేయకుండా అలాగే ఉండిపోతాయి. కొన్ని మాత్రం పెరిగి, కణాల జన్యువుల్లో ఒకదాని తర్వాత ఒకటిగా మార్పులు పేరుకుని, చివరికి కేన్సర్ అవుతాయి. దీనికి మామూలుగా పదేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఇంత నెమ్మదిగా వచ్చే కేన్సర్లు తక్కువ. మనకు దొరికే అవకాశమూ అదే. పెరుగుతున్న పాలిప్ మీదుగా మలం ఒరుసుకుంటూ పోయినప్పుడు రవ్వంత రక్తం కారుతుంది. రోజూ కారదు, కారినా కంటికి కనపడదు. పాలిప్‌గా ఉన్నప్పుడే తీసేస్తే కేన్సర్ రాకుండానే పోతుంది. కేన్సర్ అయినా పేగు దాటకముందే దొరికితే, అమెరికా లెక్కల ప్రకారం పదిమందిలో తొమ్మిదిమంది ఐదేళ్లు దాటి బతుకుతున్నారు. కాలేయానికో ఊపిరితిత్తులకో పాకాక దొరికితే ఆ సంఖ్య పదికి ఒకరిద్దరే.

మలంలో రక్తం వెతికే ఆలోచన పాతదే. గ్వాయకం అనే చెట్టు బంకను కాగితానికి పట్టించి, దాని మీద మలం పూసి, హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేస్తే రక్తం ఉన్నచోట నీలం తేలుతుంది. 1960ల చివర అమెరికాలో డేవిడ్ గ్రీగర్ అనే వైద్యుడు దీన్ని ఇంట్లోనే చేసుకునే కార్డుగా వాడుకలోకి తెచ్చాడు. దాని విలువ తేల్చిన పెద్ద అధ్యయనం మినెసొటాలో జరిగింది. ఏటా ఈ పరీక్ష చేయించుకున్నవాళ్లలో పెద్దపేగు కేన్సర్ మరణాలు మూడో వంతు తగ్గాయని 1993లో ప్రకటించారు. అయితే ఆ కార్డుకు మనిషి రక్తానికీ, మధ్యాహ్నం తిన్న వేటమాంసంలోని రక్తానికీ తేడా తెలియదు. విటమిన్ సి బిళ్లలు వేసుకుంటే ఉన్న రక్తాన్నీ చూపించదు. మూడు రోజుల నమూనాలు కావాలి, తిండికి పథ్యం ఉండాలి. ఆదివారం కూర మానేయమంటే వినేదెవరు?

ఫిట్ ఈ తలనొప్పి తీర్చింది. ఇది మనిషి హిమోగ్లోబిన్‌లోని గ్లోబిన్ అనే ప్రొటీన్‌ను మాత్రమే గుర్తుపట్టే యాంటీబాడీతో పనిచేస్తుంది. మాంసం తిన్నా, ఐరన్ బిళ్లలతో మోషన్ నల్లగా వచ్చినా దీనికి పట్టదు. కడుపులోనో చిన్నపేగులోనో కారిన రక్తంలోని గ్లోబిన్ కిందికి వచ్చేలోపే చాలావరకు అరిగిపోతుంది కాబట్టి ఇది చూపేది ప్రధానంగా పెద్దపేగు సంగతే. మన పల్లెలకు ఇది చిన్న విషయం కాదు. చెప్పుల్లేకుండా పొలంలో తిరిగేవాళ్లకు కొంకి పురుగులు పడతాయి. అవి చిన్నపేగును పట్టుకుని రక్తం పీలుస్తాయి. కీళ్లనొప్పులకు మందుల షాపులో కొనుక్కునే బిళ్లలు కడుపులో పుండ్లు చేస్తాయి. పాత కార్డు పరీక్ష వీటన్నిటికీ పాజిటివ్ చూపేది. అందుకని ల్యాబులో ‘అకల్ట్ బ్లడ్’ అని రాసిచ్చినప్పుడు అది పాత రసాయన పద్ధతా, యాంటీబాడీతో నడిచే ఇమ్యునో పద్ధతా (అంటే ఫిట్) అని ఒక మాట అడగడం మంచిది. రెండూ అదే పేరుతో నడుస్తున్నాయి.

నమూనా తీయడం దగ్గర చదువుకున్నవాళ్లు కూడా తడబడతారు. డబ్బా వేలెడంత ఉంటుంది. మూత తిప్పితే దానికే అతుక్కుని సన్నటి పుల్ల బయటికి వస్తుంది. పుల్ల కొసన గీతలు గీతలుగా గాడులుంటాయి. మన మరుగుదొడ్డి బేసిన్‌లో నీళ్లు నిలుస్తాయి గనుక ముందుగా పాత న్యూస్‌పేపరో, ప్లాస్టిక్ కవరో పరిచి దాని మీద పడేలా కూర్చోవాలి. నీళ్లు, మూత్రం కలవకూడదు. పుల్లతో మలాన్ని ఒకేచోట కాకుండా నాలుగైదు చోట్ల గీరాలి. గాడులు నిండితే చాలు. చెంచాడు ఎత్తుకుని కుక్కే పని లేదు, ఎక్కువ పెడితే లెక్క తప్పుతుంది. పుల్లను మళ్లీ డబ్బాలో దించితే లోపలి సన్న రంధ్రం అదనంగా అంటినదాన్ని తుడిచేస్తుంది. మూత టక్కుమనేదాకా నొక్కి, నాలుగుసార్లు ఊపి, పేరూ తేదీ రాయాలి. చేతికి ఏమీ అంటదు. మొలలు బాగా కారుతున్న రోజుల్లో, ఆడవాళ్లు బహిష్టు రోజుల్లో చేయకూడదు.

మన ప్రాంతానికి ఇంకో జాగ్రత్త కావాలి. హిమోగ్లోబిన్ ఎండకు చెడిపోతుంది. ఇటలీలో ఫ్లోరెన్స్ జిల్లా స్క్రీనింగ్ లెక్కలు తీస్తే శీతాకాలంతో పోలిస్తే వేసవిలో పాజిటివ్ వచ్చే అవకాశం 17 శాతం తగ్గిందని 2010లో తేలింది. జనానికి రోగం తగ్గలేదు, డబ్బాలోని రక్తం పాడైంది. ఫ్లోరెన్స్ ఎండే ఆ పని చేస్తే ఉదయగిరి కొండ పక్కన రోహిణి కార్తె సంగతి చెప్పాలా? పొద్దున తీసిన నమూనాను బైకు ట్యాంకు కవర్లో పెట్టుకుని మధ్యాహ్నం దాకా తిరిగితే నెగటివ్ రావడంలో వింత లేదు. ఇంట్లో ఉంచాల్సి వస్తే కవర్లో చుట్టి ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టొచ్చు. గడ్డ కట్టే పైఅర పనికిరాదు. ఇంటావిడ ఒప్పుకోవడం వేరే సంగతి. అన్నిటికన్నా తేలిక, తెల్లవారి తీసింది తెల్లవారే ఇచ్చేయడం.

ఇక ఫలితం. కుక్క మొరిగినంత మాత్రాన దొంగే వచ్చాడని కాదు, కానీ లేచి తలుపు తీసి చూడాలి. పాజిటివ్ అంటే అంతే. కేన్సర్ ఉన్న ఐదుగురిలో సుమారు నలుగురిని ఒకసారి చేసిన ఫిట్ పట్టుకుంటుంది, ఒకరిని వదిలేస్తుంది. పెద్ద పాలిప్‌లలో సగం కూడా పట్టదు. అందుకే ఒక్కసారి చేసి ఊరుకునే పరీక్ష కాదిది. ఏడాదికో రెండేళ్లకో చేస్తూ పోవాలి. ఈసారి జారిపోయింది వచ్చేసారి దొరకాలన్నదే దీని లెక్క.

పాజిటివ్ వచ్చినవాళ్లు మనదగ్గర మొదట చేసే పని ఇంకో ల్యాబుకు పోయి మళ్లీ చేయించడం. రెండోది నెగటివ్ వస్తే అమ్మయ్య అనుకుంటారు. ఇది తప్పు. పాలిప్ రోజూ కారదని పైనే చెప్పుకున్నాం. రెండో రోజు కారలేదంటే మొదటి రోజు కారలేదని కాదు. ఒక్క పాజిటివ్ వచ్చినా తర్వాతి మెట్టు కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే కొలనోస్కోపీయే. అదీ వాయిదాల మీద కాదు. అమెరికాలో పాజిటివ్ వచ్చినవాళ్లను పరిశీలించి 2017లో ప్రకటించిన అధ్యయనంలో, నెలలోపు కొలనోస్కోపీ చేయించుకున్నవాళ్లకన్నా పది నెలలు దాటించినవాళ్లలో కేన్సరూ ముదిరిన కేన్సరూ ఎక్కువగా కనిపించాయి.

పల్లె ఆరోగ్య కేంద్రాల ద్వారా ఇది సాగుతుందా? థాయిలాండ్‌లో లంపాంగ్ అనే జిల్లాలో 2011లో చేసి చూశారు. 50 నుంచి 65 ఏళ్ల మధ్యవాళ్లు లక్షా పాతికవేలకు పైగా ఉంటే, ఊరి కేంద్రాల సిబ్బందితో సుమారు 80 వేల మందికి ఫిట్ చేయించారు. పాజిటివ్ వచ్చింది 873 మందికి, అంటే నూటికి ఒకరు చొప్పున. ఆ నివేదిక నాటికి వీళ్లలో కొలనోస్కోపీకి వచ్చింది 627 మంది. అందులో కేన్సర్ తేలింది 23 మందికి. ఫిట్ చేయించుకోవడానికి ఆడవాళ్లకన్నా మగవాళ్లు తక్కువ వచ్చారు. మన దగ్గరా అంతే అవుతుందని పందెం కట్టొచ్చు.

ఆ అంకెల్లో 80 వేలకన్నా 627 మీదే నా కన్ను పడుతుంది. మలం డబ్బాలు పంచడం తేలిక, ఆ తర్వాత పేగు లోపలికి చూసే చేతులు కావాలి. నెదర్లాండ్స్ 2014లో జాతీయ స్క్రీనింగ్ మొదలుపెట్టినప్పుడు గ్రాము మలానికి 15 మైక్రోగ్రాముల హిమోగ్లోబిన్ దాటితే పాజిటివ్ అన్నారు. అనుకున్నదానికన్నా ఎక్కువ మంది పాజిటివ్ అయ్యేసరికి కొలనోస్కోపీలు చాలక, అదే ఏడాది గీతను 47కు జరిపారు. ఇంగ్లండ్ 2019లో ఏకంగా 120 దగ్గర గీసింది. డబ్బున్న దేశాలే అలా సర్దుకున్నాయి. వింజమూరులో పాజిటివ్ వచ్చిన మనిషి పోవాల్సింది నెల్లూరుకో తిరుపతికో చెన్నైకో.

కేంద్ర ప్రభుత్వం 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ముప్ఫై దాటినవాళ్లకు స్క్రీనింగ్ కోసం ఎంచుకున్నవి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార కేన్సర్లు. మన ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి అడిగేది వాటి గురించే. పెద్దపేగు అందులో లేదు. దీన్ని నిర్లక్ష్యం అనను. జనాభా వయసు తేడా సరిచేసి చూస్తే మనదేశంలో ఈ కేన్సర్ లక్షకు ఐదుగురి చుట్టూ ఉంది. ఆస్ట్రేలియాలో, కొన్ని ఐరోపా దేశాల్లో అది ముప్ఫై దాటుతుంది. రోగం అరుదైన చోట అందరికీ పరీక్ష చేస్తే పాజిటివ్‌లలో ఎక్కువ భాగం ఉత్త హడావుడిగా మిగులుతాయి. యాభై దాటిన ప్రతి మనిషికీ డబ్బా ఇవ్వాలని వింజమూరు మండలంలో ఈరోజు అడగడం నా దృష్టిలో తొందరపాటే.

మరి ఫిట్‌కు చోటెక్కడ? ఇప్పటికే ఏదో ఒక బాధతో డాక్టరు ముందుకొచ్చిన మనిషి దగ్గర. ఏ బాధా లేనివాళ్లను వెతకడం స్క్రీనింగ్. బాధ ఉన్నవాళ్లలో ఎవరిని ముందు పెద్దాసుపత్రికి పంపాలో తేల్చడం ఇంకో పని. బ్రిటన్‌లో ఊరి డాక్టర్లు ఇప్పుడు ఫిట్‌ను ఈ రెండో పనికీ వాడుతున్నారు. 2023లో అక్కడ వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ సూచన ప్రకారం మోషన్ అలవాటు మారినా, రక్తం పడుతున్నా, బరువు తగ్గినా, కారణం తెలియని రక్తహీనత ఉన్నా ఫిట్ చేసి, గ్రాముకు 10 మైక్రోగ్రాములో ఆపైనో ఉంటే వెంటనే స్పెషలిస్టుకు పంపుతారు. అంతకన్నా తక్కువుంటే కేన్సర్ అవకాశం చాలా తక్కువ. అయినా బాధ తగ్గకపోతే నెగటివ్ కాగితాన్ని చూసి ఇంటికి పంపేయకూడదని కూడా చెప్పారు. నెల్లూరు దాకా ఎవరు వెంటనే పోవాలో తేల్చుకోవాల్సిన మన డాక్టర్లకు సరిగ్గా కావాల్సింది ఇదే. అందరినీ పంపలేరు, ఎవరినీ పంపకుండా ఉండలేరు.

అడగడం కూడా ఒక విద్యే. ఊరి క్లినిక్‌లో బీపీ చూస్తూ నర్సు అడుగుతుంది: “అవ్వా, దొడ్డికి పోయినప్పుడు రక్తమేమన్నా పడతా ఉందా?” పక్కన కోడలుంటుంది. “ఏందమ్మా ఆ మాటలు, అట్టాంటివేం లేవు.” కోడలు మందుల కోసం కిటికీ దగ్గరికి పోయాక అదే ప్రశ్న మెల్లగా వేస్తే, “ఎప్పుడన్నా ఒకరోజు పడతాదిలేమ్మా, మొలలు. సంక్రాంతి ముందు నుంచీ ఉంది” అని వస్తుంది. నెలల తరబడి ఉందన్న ఆ మాట ఏ పరీక్షకైనా ముందు రావాలి.

రక్తహీనత సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తం తక్కువ. ఇంతమందికి ఉంది కాబట్టి అది జబ్బులా కనిపించడం మానేసింది. ఐరన్ బిళ్లలు ఇచ్చి పంపుతారు. పిల్లల తల్లి వయసులో అది సబబే. కానీ బహిష్టు ఆగి పదేళ్లయిన ఆవిడకో, అరవై ఏళ్ల మగమనిషికో హిమోగ్లోబిన్ 8 ఉందంటే ఆ రక్తం ఎక్కడికి పోతోంది? పెద్దపేగు కుడివైపు పుట్టే కేన్సర్లు చాలావరకు ఇలాగే బయటపడతాయి. రక్తం కంటపడదు, నొప్పి ఉండదు. పొలానికి నడిస్తే ఆయాసం, అంతే. ఇలాంటివాళ్లకు ఐరన్‌తో పాటు ఫిట్ రాయడం, ఇప్పటికే ఉన్న డాక్టరు, ఇప్పటికే ఉన్న ల్యాబుతో అయ్యే పని.

ఇంకో పనికి ఆ ఖర్చు కూడా లేదు. మనదేశంలో ఈ కేన్సర్లలో పురీషనాళానివి ఎక్కువ పాలు. రోగుల వయసూ తక్కువే. ముంబై టాటా మెమోరియల్‌లో 800 మంది రోగులను చూసి 2017లో ప్రచురించిన లెక్కలో సగటు వయసు 47. పురీషనాళంలో కింది భాగపు గడ్డ చూపుడు వేలికి అందుతుంది. చేతి తొడుగు వేసుకుని, కాస్త జెల్లీ రాసి, అర నిమిషం తడిమితే తెలుస్తుంది. రక్తం పడుతోందని వచ్చిన మనిషికి ఈ పరీక్ష చేయకుండా మొలల మందు రాయడం నాకు కోపం తెప్పించే విషయం. రోగికి సిగ్గు, డాక్టరుకు టైం లేదు, గదికి తెర లేదు. మూడూ నిజమే, మూడూ సాకులే. వేలికి గడ్డ తగిలితే ఫిట్ కోసం ఎదురుచూడక్కర్లేదు, నేరుగా పంపాలి.

కొలనోస్కోపీ అనగానే జనం భయపడేది గొట్టానికి. మత్తిస్తారు కాబట్టి గొట్టం సంగతి పెద్దగా తెలియదు. అసలు కష్టం ముందురోజుది. పేగు కడిగినట్టు ఉండాలని పెగ్‌లెక్ లాంటి పొడిని రెండు లీటర్ల నీళ్లలో కలిపి గ్లాసు తర్వాత గ్లాసు తాగిస్తారు. ఆపైన గంటల తరబడి మరుగుదొడ్డికీ మంచానికీ తిరగడమే. వింజమూరులో అది తాగి, తెల్లవారుజామున ఆర్టీసీ బస్సెక్కి నెల్లూరు చేరడం మనిషి వల్ల అయ్యే పని కాదు. ఈ ఒక్క కారణానికే ఎంతోమంది డేటు తీసుకుని పోకుండా ఉండిపోతారు. ముందురోజు సాయంత్రానికే నెల్లూరు చేరి, చుట్టాలింట్లోనో లాడ్జిలోనో మరుగుదొడ్డి ఉన్న గదిలో దిగి అక్కడే తాగాలి. తోడు ఒక మనిషి ఉండాలి, మత్తు దిగేదాకా ఒంటరిగా వదలరు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పల్చబడే మందులు, షుగరు మందులు, ఇన్సులిన్ వాడుతుంటే డేటు తీసుకునే రోజే చెప్పాలి. ఐరన్ బిళ్లలు కొన్ని రోజుల ముందు ఆపమంటారు. అవి పేగును నల్లగా పట్టి కెమెరాకు అడ్డొస్తాయి. పాలిప్ కనిపిస్తే చాలాసార్లు అక్కడికక్కడే తీగ ఉచ్చుతో తీసేస్తారు. నొప్పి తెలియదు, ఎందుకంటే పేగు లోపలి పొరకు కోత నొప్పి లేదు.

కేన్సరని తేలితే ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఎన్టీఆర్ వైద్యసేవ కింద ఉన్నాయి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకమే పేర్లు మారుతూ నడుస్తోంది. నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గర కార్డు చూపి అడగాలి.

అమెరికాలో పిల్లలున్న ఇళ్లలో ఇంకో మాట వినిపిస్తుంది. అక్కడ 2021 నుంచి 45 ఏళ్లకే స్క్రీనింగ్ మొదలుపెట్టమంటున్నారు. మలంలో డీఎన్ఏ మార్పులు కూడా వెతికే కోలోగార్డ్ డబ్బా కొడుక్కి ఇంటికి వస్తుంది, వాడు ఫోన్ చేసి నాన్నకూ చేయిద్దామంటాడు. 2014లో వచ్చిన పెద్ద అధ్యయనంలో అది కేన్సర్లను నూటికి 92 పట్టుకుంటే ఫిట్ 74 పట్టుకుంది. అయితే ఏమీ లేనివాళ్లను పాజిటివ్ అనడంలోనూ కోలోగార్డే ముందుంది, ఖరీదు సరేసరి. నాన్నకు ఏటా ఫిట్ చాలు. స్పెయిన్‌లో పదేళ్ల పాటు సాగి 2025లో వెలువడిన అధ్యయనంలో, రెండేళ్లకోసారి ఫిట్ చేయించుకోమని పిలిచినవాళ్లలోనూ ఒకసారి కొలనోస్కోపీకి పిలిచినవాళ్లలోనూ ఈ కేన్సర్ మరణాలు దాదాపు సమానంగా ఉన్నాయి.

ఫిట్ సరిపోనివాళ్లు కొందరున్నారు. అమ్మకో నాన్నకో తోబుట్టువుకో ఈ కేన్సర్ వచ్చి ఉంటే నేరుగా కొలనోస్కోపీయే మంచిది. నలభై ఏళ్లకు గానీ, ఇంట్లో ఆ మనిషికి బయటపడిన వయసుకు పదేళ్లు ముందు గానీ, ఏది ముందైతే అప్పుడు. నాన్నకు 45లో వస్తే కొడుక్కీ కూతురికీ 35లో. మన దగ్గర జరిగేది మరొకటి. ఆపరేషన్ కాగితాలు ఇనప్పెట్టెలోకి పోతాయి, ‘కడుపులో గడ్డ తీశారు’ అని బంధువులకు చెబుతారు, పెళ్లి సంబంధాలకు అడ్డమని పిల్లలకు కూడా అసలు పేరు చెప్పరు. బయాప్సీ రిపోర్టులో జబ్బు పేరు, తేదీ, వయసు ఉన్న పేజీని ఫోన్లో ఫొటో తీసి బెంగళూరులో ఉన్న కొడుక్కి, కావలిలో ఉన్న కూతురికి, ఊళ్లోనే ఉన్న తమ్ముడికి పంపితే వాళ్ల డాక్టరుకు కావాల్సిన సమాచారం దాదాపు అంతా ఆ ఒక్క పేజీలో ఉంటుంది.